శుక్రవారం సాయంత్రం, చిన్నదానితో పిజ్జా పిండి

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలనే ఇక్కడ రాసి పెడుతున్నాం. వింటూ రాసుకోలేనివాళ్ళ కోసం కొలతలు చివర్లో ఇంకోసారి ఇచ్చాం.)

  నేను ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్న. టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉంటది ఈ ఊరు.

ముందే ఒక మాట చెప్త. నేను వంటోణ్ణి కాదు. కరీంనగర్‌లో ఐటీఐ చేసిన, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. తర్వాత దుబాయ్‌లో పదేండ్లు సైట్ల మీద ఉన్న. ఇప్పుడు ఇక్కడ ఇండ్లు కట్టే పనిలో సూపర్‌వైజర్‌ను. పునాదులు, కాంక్రీటు, నాకు తెలిసింది అదే. అసొంటోడు పిజ్జా గురించి ఏం చెప్తడు అని మీకు అనిపించొచ్చు. పోయిన నెల మన తమ్ముడు ఫోన్ చేసి అడిగిండు, "అన్నా, డ్యూటీ దిగినంక పిల్లలతోని ఏం చేస్తవ్?" అని. "శుక్రవారం శుక్రవారం పిజ్జా పిండి కలుపుతం" అన్న. ముందుగాల నవ్విండు. తర్వాత "గదే చెప్పన్నా" అన్నడు. అందుకే ఈ ముచ్చట.

తొందర పిండి ఎందుకంటే

మా ఇంటామె నర్సు. ఆమె ఉద్యోగం మీదనే మేమందరం ఇటు వచ్చినం. ఆమెది నైట్ డ్యూటీ, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా. ఆరుంబావుకు ఇంట్లో నుంచి బయల్దేరాలె. నాది పగటి పని. టెక్సాస్ ఎండకాలం సంగతి తెలుసు కదా, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతది, మన లెక్కలో 38 సెంటిగ్రేడ్ పైననే. అందుకే పొద్దున ఆరింటికే పని మొదలు పెడ్తం. సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరుత. అంటే నలుగురం ఒక్క దగ్గర ఉండేది నాలుగున్నర నుంచి ఆరుంబావు దాకా. గంటా ముప్పావు. అండ్ల స్నానం, ఆమె తయారయ్యేది, పిల్లల హోంవర్కు, అన్నీ రావాలె.

ఇంతకుముందు శుక్రవారం వస్తే బయట నుంచి పిజ్జా తెప్పించేది. డబ్బా వచ్చేది, పిల్లలు టీవీ ముందు కూర్చునేటోళ్ళు, ఆమె నిలబడే రెండు ముక్కలు తిని పోయేది. తిండి అయితే అయ్యేది. కాని నలుగురం కలిసి తిన్నట్టు ఉండకపోయేది.

మా చిన్నదానికి అయిదేండ్లు. అదే ఒకరోజు అడిగింది, "డాడీ, పిజ్జా డబ్బాలో పుడ్తదా?" అని. మన చిన్నప్పుడు ఎవ్వరం ఇట్ల అడగలే. బియ్యం పొలంలో నుంచి వస్తయని, రొట్టె అమ్మ చేతిలో నుంచి వస్తదని కండ్ల ముందే కనిపించేది. సరే, ఇంట్లోనే చేద్దాం అనుకున్న.

ఇంటర్నెట్‌లో చూస్తే మంచి పిజ్జా పిండి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలె అంటరు. నిజమే, మన ఇడ్లీ పిండి రాత్రంతా పులిస్తేనే రుచి వచ్చినట్టు, అది కూడ ఆలస్యం అయినకొద్దీ రుచి పెరుగుతది. కాని నాకున్నది గంటన్నర. అయిదేండ్ల పిల్లకు "రేపు తిందాం" అంటే ఆగుతదా? అందుకే తొందర పిండి. ఈస్ట్ కొంచెం ఎక్కువ, గోరువెచ్చని నీళ్ళు, కొంచెం చక్కెర. రుచి అంగడి పిజ్జా అంత ఉండదు, ఒప్పుకుంట. కాని యాభై నిమిషాలల్ల మీ పిల్ల చేసిన పిజ్జా బల్ల మీద ఉంటది.

మొదటిసారి ఆగమాగం

మొదటి శుక్రవారం పిండి రాయి అయ్యింది. నవ్వకండి. ప్యాకెట్ మీద "వెచ్చని నీళ్ళు" అని ఉంది. నేను కెటిల్‌లో మరగబెట్టిన నీళ్ళల్ల కొంచెం చల్లనీళ్ళు కలిపి పోసిన. చెయ్యి పెడితే చురుక్కుమన్నది. సైట్ మీద పనిచేసే చేతులకు వేడి తెలుస్తదా, నాకు మంచిగనే అనిపించింది. ఈస్ట్ అంటే పొడి కాదు, అది ప్రాణం ఉన్న వస్తువు. నిద్రపోతున్న సూక్ష్మజీవి. గోరువెచ్చని నీళ్ళు తగిలితే లేస్తది, చక్కెర తింటది, గాలి వదుల్తది, ఆ గాలికే పిండి పొంగుతది. నీళ్ళు 55, 60 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటితే చచ్చిపోతది. నేను చంపేసిన. పిండి అర ఇంచు కూడ లేవలే. చిన్నది దాని మీద వేలు పెట్టి, "డాడీ, ఇది నిద్రపోయిందా?" అన్నది.

ఇప్పుడు నా కొలత ఒక్కటే. చిన్నపిల్లకు స్నానం పోసే నీళ్ళు. మణికట్టు మీద పోసుకుంటే వేడి అనిపించొద్దు, చల్లగా కూడ అనిపించొద్దు. థర్మామీటర్ ఉంటే 40 డిగ్రీల సెంటిగ్రేడ్ దగ్గర, ఫారన్‌హీట్‌లో 105 చూసుకోండి. ఈ పరీక్ష ఇప్పుడు చిన్నదే చేస్తది. దాని మణికట్టు నా చెయ్యి కన్నా నయం.

పని మొదలు

సైట్ మీద పొద్దుగాల అయిదు నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ ఉంటది. దుబాయ్‌లో చేసినోళ్ళకు తెలుసు. ఈ రోజు ఏం పని, ఎక్కడ ప్రమాదం, ఎవరు ఏం చెయ్యాలె. మా ఇంట్లో కూడ శుక్రవారం అదే. చిన్నది స్టూల్ ఎక్కి నిలబడుతది. నేను అడుగుత, "చేతులు కడిగినవా?" "కడిగిన." "వెంట్రుకలు కట్టుకున్నవా?" "కట్టుకున్న." "ఓవెన్ దగ్గర గీత దాటుతవా?" "దాట!"

ఆ గీత నిజంగనే ఉంది. ఓవెన్‌కు మూడు అడుగుల దూరంలో నేల మీద పెయింటర్లు వాడే నీలం టేపు అంటించిన. సైట్ మీద గుంత చుట్టూ టేపు కడ్తం కదా, అట్ల. ఓవెన్ వేడి ఎక్కినంక ఆ టేపు లోపలికి పిల్లలకు పర్మిషన్ లేదు. చిన్నది నన్నే ఆపుతది, "డాడీ, చేతికి గ్లౌజ్ ఏది?" అని.

ఇంకొక జాగ్రత్త. పచ్చి పిండి నాకనియ్యొద్దు. మనకు చపాతీ పిండి చిన్నప్పుడు నోట్లో వేసుకునే అలవాటు ఉంటది. గోధుమలు పొలంలో నుంచి వస్తయి, పిండి చేసేటప్పుడు వేడి చెయ్యరు, అందుకే అండ్ల క్రిములు ఉండొచ్చు. 2016లో ఈ అమెరికాలోనే పచ్చి పిండి వల్ల ఈ-కోలై వచ్చి మంది జబ్బున పడ్డరు. కాలినంక ఏ భయం లేదు. పిసికినంక మళ్ళా చేతులు కడిగియ్యండి.

ఇగ కొలతలు. మూడు కప్పుల మైదా, ఇక్కడ ఆల్ పర్పస్ పిండి అంటరు, దాదాపు 375 గ్రాములు. ఒక కప్పు గోరువెచ్చని నీళ్ళు, 240 మిల్లీలీటర్లు. తొందరగా పొంగే ఈస్ట్ ఒక ప్యాకెట్, 7 గ్రాములు. చక్కెర ఒక చెంచా, ఉప్పు ఒక చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు. రెండు పిజ్జాలు అయితయి, నలుగురికి సరిపోతది.

ముందు ఓవెన్ వేసి పెట్టండి, 475 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 245 సెంటిగ్రేడ్ దగ్గర. అది మంచిగ వేడెక్కడానికి అరగంట పడ్తది. పిండి తయారయ్యేసరికి అది కూడ తయారుగ ఉంటది.

పెద్ద గిన్నెలో నీళ్ళు, చక్కెర, ఈస్ట్ వేసి చిన్నదానికి గరిట ఇస్త. అయిదు నిమిషాలు ఆగితే పైన నురుగు వస్తది. నురుగు వచ్చిందంటే ఈస్ట్ బతికి ఉన్నట్టు. రాలేదంటే అక్కడనే ఆగిపోండి, పిండి దండుగ చేసుకోకండి. మా చిన్నది గిన్నె మీదికి వంగి "గుడ్ మార్నింగ్" అంటది ఈస్ట్‌కు. నేను కూడ అంట, లేకపోతే ఊకోదు.

తర్వాత నూనె, పిండి, ఉప్పు. కప్పు నిండా పిండి తీసుకొని చాకు వెనక వైపుతోని పైన సమానం చెయ్యడం చిన్నదాని పని. లెక్క కూడ అదే పెడ్తది, తెలుగులో. "ఒకటి, రెండు, మూడు." ఇంట్లో అంకెలు తెలుగులో పలికేది ఒక్క పిజ్జా రోజే అని మా ఇంటామె నవ్వుతది.

నీళ్ళు, పిండి, కాంక్రీటు

ఇక్కడ నా పని నాకు అక్కరకొచ్చింది. కాంక్రీటులో సిమెంటుకు నీళ్ళు ఎంత అనేదే అసలు సంగతి. పని సులువు కావాలని మేస్త్రి ఇంకో బకెట్ నీళ్ళు పోస్తడు. మాల్ మంచిగ జారుతది, కాని బలం పోతది. పైన నిలబడి వద్దు వద్దు అని మొత్తుకునుడే సూపర్‌వైజర్ పని.

పిజ్జా పిండిలో ఇదే తప్పు ఉల్టా జరుగుతది. పిండి చేతికి అంటుకుంటది. అంటుకుంటే మనం ఏం చేస్తం? ఇంకింత పొడిపిండి చల్లుతం. ఇంకింత. ఇంకింత. చేతికి అంటుడు ఆగుతది, కాని పిజ్జా అట్టముక్క అయితది. ఫ్రిస్కో మట్టి మన నల్లరేగడి అసొంటిది. తడి ఉంటే ఉబ్బుతది, ఎండితే పర్రెలు వాస్తది. ఇక్కడ పునాదులు అందుకే చాలా జాగ్రత్తగ వెయ్యాలె. నీళ్ళు తక్కువైన పిండి కూడ అట్లనే, ఒత్తుతుంటే అంచులు పగుల్తయి.

అందుకే అంటుకున్నా భయపడొద్దు. పొడిపిండి బదులు చేతికి రెండు చుక్కల నూనె రాసుకోండి. ఆరేడు నిమిషాలు పిసకండి. మొదలు ముక్కలు ముక్కలుగా ఉన్నది మెల్లగ నున్నగ అయితది, లాగితే సాగుతది. పిల్లకు ఒక ముద్ద విడిగా ఇయ్యండి. పెద్ద ముద్ద దానికి అలవికాదు, చేతకాక విసుగొస్తది. మా చిన్నది గుద్దుతది, చరుస్తది, దానికి పేరు పెడ్తది. గుద్దనియ్యండి. పిండికి ఏం కాదు.

ఇగ గిన్నెకు నూనె రాసి, ముద్ద పెట్టి, తడిగుడ్డ కప్పి ఇరవై నిమిషాలు. ఎండకాలం అయితే ఎక్కడ పెట్టినా పొంగుతది. వేడికి కాంక్రీటు తొందరగా గట్టిపడ్డట్టు, పిండి కూడ వేడికి తొందర పడ్తది. చలికాలం అయితే వేడెక్కుతున్న ఓవెన్ పక్కన గట్టు మీద పెట్టండి.

ఈ ఇరవై నిమిషాలే నాకు ఇష్టం. చెయ్యడానికి పని ఉండదు. చిన్నది, నేను గిన్నె ముందు కూర్చుంటం. అది బడి ముచ్చట్లు చెప్తది. వేరే రోజు "బడిలో ఏం చేసినవ్?" అంటే "ఏం లేదు" అంటది. పిండి పొంగేటప్పుడు మాత్రం అన్నీ చెప్తది. ఎవరితో కొట్లాడింది, ఎవరు ఏడ్చిండ్రు, టీచర్ ఏమన్నది. చేతులకు పని ఉంటే పిల్లలకు నోరు వస్తదేమో. ఆ టైంలో ఫోన్ ముట్టొద్దని నాకు నేను పెట్టుకున్న నియమం. సైట్ నుంచి కాల్ వచ్చినా ఇరవై నిమిషాలు ఆగుతది.

పెద్దది

ఇప్పటి దాకా చిన్నదాని ముచ్చటనే చెప్పిన. మాకు పెద్దబిడ్డ కూడ ఉంది. పదహారేండ్లు.

అది పుట్టినప్పుడు నేను దుబాయ్‌లో సైట్ మీద ఉన్న. రెండేండ్లకు ఒకసారి రెండు నెలల సెలవు. ఏడేండ్లు అట్ల గడిచినయి. లెక్కేస్తే ఆ ఏడేండ్లలో నా బిడ్డ పక్కన నేను ఎనిమిది నెలలు కూడ లేను. ఇంటామె అప్పుడు కరీంనగర్‌లో ఆసుపత్రి డ్యూటీ. బిడ్డను పెంచింది మా అవ్వ. నేను ఫీజులు కట్టిన, బట్టలు పంపిన, బొమ్మలు తెచ్చిన. వీటిల్లో ఏదీ తక్కువ అని అంటలేను. మీలో చానామంది ఇప్పుడు అదే చేస్తుండ్రు, చెమట కార్చి చేస్తుండ్రు. అది చిన్న పని కాదు.

కాని ఒక మాట చెప్త. మా చిన్నది నన్ను "నువ్వు" అంటది. పెద్దది "మీరు" అంటది. "డాడీ, మీరు తిన్నరా?" "డాడీ, మీరు సంతకం పెట్టండి." మర్యాదే కదా, మంచిదే కదా అంటరు. వాళ్ళమ్మను మాత్రం "నువ్వు" అంటది. నానమ్మను కూడ "నువ్వే". చుట్టాలొస్తే ఎట్ల మాట్లాడుతదో, నాతోని అట్ల మాట్లాడేది. నేను ఎన్నడూ ఏమనలే. ఏమంటం?

పిజ్జా మొదలుపెట్టినంక కూడ మొదట్లో పెద్దది పైన రూంలోనే ఉండేది. అయ్యిందంటే వచ్చి తినేది, "బాగుంది డాడీ" అని పోయేది. ఒక శుక్రవారం మా పిజ్జా ఓవెన్‌లో పూరీ లెక్క ఉబ్బింది. చీజ్ అంతా ఒక పక్కకు జారింది. చిన్నది ఏడుపు. తర్వాతి శుక్రవారం మేం పిండిని పళ్ళెంలో ఒత్తుతుంటే పెద్దది నీళ్ళ సీసా నింపుకోను వచ్చింది. ఒక్క నిమిషం నిలబడి చూసింది. "అట్ల కాదే" అని చెల్లెను పక్కకు జరిపి, వేళ్ళు నూనెలో ముంచి, పిండి నిండా వరుసగా బొక్కలు పెట్టింది. అంచు ఒక్కటి వదిలిపెట్టింది.

"ఎందుకక్కా?" అన్నది చిన్నది.

"నానమ్మ సర్వపిండికి పెడ్తది కదా."

సర్వపిండి మా దిక్కోళ్ళకు చెప్పే పని లేదు. తెలియనోళ్ళకు చెప్త. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, శనగపప్పు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం కలిపి, గిన్నె లోపలనే చేత్తో ఒత్తి, వేలితోని బొక్కలు పెట్టి, ఆ బొక్కలల్ల నూనె పోసి సన్నమంట మీద కాలుస్తరు. కొన్ని చోట్ల సర్వప్ప అంటరు, గిన్నప్ప అంటరు. మా అవ్వ గిన్నె ముందు కూర్చుంటే, పక్కన మా పెద్దది. బొక్కలు పెట్టుడు దాని పని. నాలుగేండ్లప్పటి నుంచి.

ఆ రోజు పిజ్జా ఉబ్బలే. తర్వాత తెలిసింది, రొట్టెలు కాల్చేటోళ్ళు కూడ పిండి ఉబ్బకుండ ఇట్లనే ముళ్ళ చెంచాతో పొడుస్తరని. పెద్దదానికి ఆ సంగతి ఎవ్వరూ చెప్పలే. దాని వేళ్ళకు తెలుసు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. దాని చేతులకు వచ్చిన పనుల్లో నేను నేర్పింది ఏముంది అని ఆలోచించిన. ఒక్కటి దొరకలే. అవ్వ మీద కోపం కాదు, అవ్వ లేకపోతే ఆ బిడ్డ ఏమయ్యేదో. దుబాయ్ పోయినందుకు బాధ కూడ కాదు, పోకపోతే అప్పు తీరేది కాదు, చెల్లె పెండ్లి అయ్యేది కాదు. పోయిన ఏండ్లు పోయినయి, అవి పిజ్జాతోని తిరిగి రావు. నేను మీకు అబద్ధం చెప్ప.

తెల్లారి శనివారం పొద్దున అవ్వకు వీడియో కాల్ చేసినం. ఎండకాలంలో మాకు, ఇండియాకు పదిన్నర గంటల తేడా. మాకు పొద్దున తొమ్మిది అయితే అవ్వకు రాత్రి ఏడున్నర. మిగిలిన పిజ్జా ముక్క చూపించిన. "మనుమరాలు బొక్కలు పెట్టింది" అన్న. అవ్వ కండ్లద్దాలు సవరించుకొని చూసి, "సర్వపిండి మీద పెరుగు ఎందుకు పోసిండ్రురా?" అన్నది. చీజ్‌ను చూసి. పెద్దది పడిపడి నవ్వింది. అది అంత నవ్వుడు నేను ఇంట్లో వినలే.

అప్పటి నుంచి బొక్కలు పెట్టుడు, సాస్ పూసుడు పెద్దదాని డ్యూటీ. ఎక్కువ మాట్లాడదు, పదహారేండ్ల పిల్ల కదా. మొన్న ఒక శుక్రవారం సైట్ మీద కాంక్రీటు పోత ఆలస్యం అయ్యి, అలసిపోయి వచ్చి కుర్చీలో కూలబడ్డ. పెద్దది మెట్ల మీద నుంచి అడిగింది, "డాడీ, ఈ వారం పిండి కలుపుతలేవా?" అని.

కలుపుతలేవా, అన్నది. కలుపుతలేరా అనలే. దానికి తెలుసో తెలియదో. నేను లేచి చేతులు కడుక్కున్న.

ఒత్తుడు, కాల్చుడు

ఇగ మిగిలిన పని. పొంగిన పిండిని రెండు ముద్దలు చెయ్యండి. కర్ర అక్కర్లేదు, నూనె రాసిన పళ్ళెంలో వేళ్ళతోని మధ్య నుంచి అంచుకు ఒత్తుకుంట పోండి. ఒత్తితే వెనక్కు గుంజుకుంటుంటే కొట్లాడకండి. అయిదు నిమిషాలు వదిలెయ్యండి, మెత్తబడి మాట వింటది. బొక్కలు పెట్టండి. సాస్ పలుచగ, చీజ్ పలుచగ, పైన వేసేటివి ఇంకా పలుచగ. పిల్లలు గుట్టలు పోస్తరు. గుట్ట పోస్తే మధ్యలో పచ్చిగ ఉంటది. మా ఇంట్లో ఉల్లిగడ్డ, క్యాప్సికం, మిగిలిన చికెన్ కూర ముక్కలు. ఒకసారి ఆవకాయ గుజ్జు కొంచెం సాస్‌లో కలిపినం, పెద్దోళ్ళ పిజ్జాకు. చెయ్యండి, తర్వాత నాకు చెప్పండి.

పది, పన్నెండు నిమిషాలు ఓవెన్‌లో. అంచు ఎర్రగ కావాలె, చీజ్ బుడగలు రావాలె. అయిదూ నలభై అయిదుకు మేం నలుగురం బల్ల దగ్గర ఉంటం. ఆరుంబావుకు ఆమె బయల్దేరుతది, చేతిలో డబ్బాలో రెండు ముక్కలు. అర్ధరాత్రి బ్రేక్‌లో తింటది.

ఓవెన్ లేనోళ్ళకు, పిల్లలు ఊర్లో ఉన్నోళ్ళకు

ఇది చెప్పకుంటే ఈ ముచ్చట నా ఇంటికే సరిపోతది. గల్ఫ్ క్యాంపులల్ల ఓవెన్ ఎక్కడిది? నాకు తెలుసు, నేను ఉండి వచ్చిన. వంట రూంలో ఒక స్టవ్, ఒక పెనం. చాలు.

ఈస్ట్ కూడ అక్కర్లేదు. రెండు కప్పుల మైదా, మూడు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు. అండ్ల గట్టి పెరుగు ముప్పావు కప్పు, చాలకపోతే ఇంకొంచెం, మెత్తని చపాతీ పిండి లెక్క వచ్చేదాకా. పది నిమిషాలు మూత పెట్టండి. చిన్న రొట్టెలు ఒత్తండి. మందం పెనం మీద సన్నమంటకు ఒక పక్క రెండు మూడు నిమిషాలు కాల్చండి. తిప్పెయ్యండి. కాలిన పక్క పైకి వచ్చింది కదా, దాని మీద సాస్, చీజ్, ఉల్లిగడ్డ. మూత పెట్టి అయిదారు నిమిషాలు. అంతే. పొంగడానికి ఆగే పని లేదు.

ఇప్పుడు పిల్లల సంగతి. మా సైట్ మీద మెక్సికో నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నడు, కాంక్రీటు నున్నగ చేసే పని. పిల్లలు ఊర్లోనే ఉన్నరు. ఆదివారం ఫోన్ గోడకు ఆనించి పెట్టి, ఇక్కడ ఆయన రొట్టెల పిండి కలుపుతడట, అక్కడ పిల్లలు వాళ్ళమ్మతోని కలుపుతరట. ఎవరి రొట్టె గుండ్రంగ వస్తది అని పందెం. "రోజూ తిన్నవా, చదివినవా అని అడిగితే రెండు నిమిషాలల్ల మాటలు అయిపోతయి. పిండి ఉంటే గంట నడుస్తది" అన్నడు. నాకు దుబాయ్‌లో ఈ ఆలోచన ఎందుకు రాలేదా అనిపించింది.

మీరు చెయ్యొచ్చు. దుబాయ్‌కు మనకు గంటన్నరే తేడా. సెలవు రోజు చూసుకోండి. ఇంటి దగ్గర మైదా, పెరుగు, బేకింగ్ పౌడర్ ముందుగాలనే తెప్పించి పెట్టమనండి. చీజ్ ఊర్లో దొరకకపోతే వదిలెయ్యండి, పనీర్ తురుము వెయ్యండి, ఏం కాదు. మీ గిన్నె మీ ముందు, వాళ్ళ గిన్నె వాళ్ళ ముందు. మీరు ఒక కప్పు పొయ్యండి, పిల్ల ఒక కప్పు పోస్తది. స్టవ్ దగ్గర పెద్దోళ్ళు ఉండాలె, అది మరిచిపోవద్దు. పిల్ల తప్పు చేస్తే సరిచెయ్యకండి. మీరే ఒక తప్పు చెయ్యండి, అది మిమ్మల్ని సరిచేస్తది. దానికంటే సంబురం పిల్లలకు లేదు.

ఒక్క సంగతి చెప్పి ముగిస్త. ఈ పిజ్జా కూడ వలస వచ్చిందే. దక్షిణ ఇటలీలో, నేపుల్స్ దిక్కు పేదోళ్ళు తినే రొట్టె ఇది. అక్కడి నుంచి కూలి పనికి అమెరికా వచ్చినోళ్ళు తమతోని తెచ్చుకున్నరు. న్యూయార్క్‌లో 1905లో పెట్టిన లొంబార్డీస్‌ను ఈ దేశంలో మొదటి పిజ్జా అంగడి అని చెప్పుకుంటరు. వాళ్ళు కలిపిన పిండే ఇప్పుడు మనం డబ్బాలో తెప్పించుకుంటున్నం. మనోళ్ళు సర్వపిండి ఎప్పుడు తెస్తరో చూడాలె. మా ఇంట్లో అయితే వచ్చే నెల అవ్వ వీడియోలో చెప్తది, పెద్దది చేస్తది, చిన్నది, నేను బొక్కలు పెడ్తం. ఈసారి నేర్చుకునేది నేను.

ఉంట మరి. పైలం.

కొలతలు మళ్ళీ ఒకసారి

ఓవెన్ పిజ్జా, రెండు: మైదా 3 కప్పులు (సుమారు 375 గ్రాములు), గోరువెచ్చని నీళ్ళు 1 కప్పు (240 మిల్లీలీటర్లు), తొందరగా పొంగే ఈస్ట్ 7 గ్రాములు, చక్కెర 1 చెంచా, ఉప్పు 1 చెంచా, నూనె 2 పెద్ద చెంచాలు. ఈస్ట్ నురుగుకు 5 నిమిషాలు, పిసకడం 6 లేదా 7 నిమిషాలు, పొంగడం 20 నిమిషాలు, 475 ఫారన్‌హీట్ (245 సెంటిగ్రేడ్) దగ్గర 10 నుంచి 12 నిమిషాలు.

పెనం పిజ్జా: మైదా 2 కప్పులు, బేకింగ్ పౌడర్ 3 చిన్న చెంచాలు, ఉప్పు అర చెంచా, గట్టి పెరుగు ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు. మూతపెట్టి 10 నిమిషాలు. సన్నమంట మీద ఒక పక్క 2 లేదా 3 నిమిషాలు, తిప్పి, పైన వేసేవి వేసి, మూతతో 5 లేదా 6 నిమిషాలు.